ఊ కొట్టే మనిషి లేక

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. నాకు 37. మామగారికి 74, తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2023లో అత్తయ్యగారు పోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. తండ్రీకొడుకులవి చెరో పార్టీ. రాత్రి తొమ్మిదింటికి టీవీలో చర్చ మొదలైతే ఇంట్లోనూ మొదలే. 2024 ఎన్నికల ఫలితాలొచ్చాక మరీ ముదిరింది. ఆ సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ నడుస్తుంటే మా ఆడపడుచు కొండ నుంచి ప్రసాదం తెచ్చింది. మామగారు కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకోబోతుంటే మావారు "చూసి తిను నాన్నా, ఏం కలిసిందో" అన్నారు. ఆయన లడ్డూ పళ్లెంలో పెట్టేసి లేచి వెళ్లిపోయారు. తర్వాత మావారు "అది పేపరు కాదు, పార్టీ కరపత్రం" అని ఆయన చదివే పేపరు మాన్పించి ఇంకోటి వేయించారు. పొద్దున్నే పేపరు పైకి చదవడం మామగారి అలవాటు. తెనాలిలో అత్తయ్య వంటింట్లోంచే ఊ కొట్టేవారు.

నాకూ ఆయనకూ ఏ పేచీ లేదు, ఇద్దరం పుస్తకాల పిచ్చివాళ్లం. మొన్న డిసెంబరులో పుస్తకాల పండగకెళ్లి, రామాయణాన్ని విమర్శిస్తూ రంగనాయకమ్మ గారు రాసిన 'రామాయణ విషవృక్షం' కొన్నాను. హాల్లో చూసి "మీ అత్తయ్య ఉంటే ఇది గడప దాటి లోపలికొచ్చేదా" అన్నారు. "అత్తయ్య చదివుంటే ఆవిడే తెచ్చుకునేవారు" అన్నాను. మూడు వారాలుగా నాతో మాటల్లేవు. నిన్న పదకొండేళ్ల మావాడు "తాతయ్యా, నువ్వు ఆ పార్టీ కదా, నీకేం తెలుసు" అన్నాడు. ఇంట్లో రాజకీయాలు, దేవుడు, పుస్తకాల ఊసే ఎత్తొద్దని అందరికీ చెప్పేద్దామా? లేక ఆయన్ని తెనాలిలోనే విడిగా ఉంచడం మంచిదా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ లడ్డూ దగ్గర ఆగుతాననుకున్నాను. పేపరు దగ్గర ఆగాను.

మన దగ్గర పేపరు పేరు చెబితే పార్టీ చెప్పినట్టే, కాదనను. టీవీ చానళ్లూ అంతే. కానీ డెబ్భై నాలుగేళ్ల మనిషికి పేపరంటే వార్తలొక్కటే కాదమ్మా. సంపాదకీయం ఏ పేజీలో ఉంటుందో, గళ్ల నుడికట్టు ఏ మూలనుంటుందో ఆయన చేతివేళ్లకు తెలుసు. ఊరు పోయింది, ఇల్లాలు పోయింది, తెనాలి నుంచి ఆయనతో పాటు వచ్చింది ఆ పేపరొక్కటే. దాన్నీ కన్నకొడుకే మాన్పించాడు. అదీ అడక్కుండా. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, నన్నడిగితే లడ్డూ కంటే ఇదే పెద్ద దెబ్బ.

వంటింట్లోంచి అత్తయ్యగారు ఊ కొట్టేవారని రాశారు చూడండి, మిగతాదంతా అక్కడే ఉంది. ఆవిడ ఓటు ఎవరికి వేసేవారో ఎవరికి తెలుసు! వంకాయలు తరుగుతూ ఊ అనేవారు, పొయ్యి మీద పాలు పొంగబోతే పరుగెత్తి, మళ్లీ వచ్చి ఊ అనేవారు. ఇప్పుడు అదే గొంతుతో అదే రకం వార్త చదివితే కొడుకు దగ్గర్నుంచి జవాబు వస్తోంది, ఫోన్లో వీడియోతో సహా. ఊ కోసం చదివిన మనిషికి జవాబు చెబితే, అది ఎంత సరైన జవాబైనా మొహమ్మీద తలుపేసినట్టే ఉంటుంది. మీవారు చెడ్డవాడని అనడం లేదు. తల్లి చేసిన పని ఒకటి ఆ ఇంట్లో ఖాళీగా ఉందని ఆయన గమనించలేదు, అంతే.

ఇక లడ్డూ. ఆ నెయ్యి సంగతి తేల్చడానికి సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 4న సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నుంచి ఒకరు, మొత్తం అయిదుగురితో బృందం వేయమంది. దేవుళ్లను రాజకీయాలకు దూరంగా ఉంచమని అంతకు నాలుగు రోజుల ముందే ధర్మాసనం అననే అంది. అంతమంది కూర్చుని తేల్చాల్సిన దాన్ని మీ డైనింగ్ టేబుల్ మీద చారన్నం చల్లారేలోగా తేల్చక్కర్లేదు. మీవారు హాస్యానికే అని ఉంటారు. కానీ కళ్లకద్దుకున్నాక అన్నారు. అద్దుకోకముందు అని ఉంటే అది నెయ్యి మీద మాట. అద్దుకున్నాక అది ఆ చేతుల మీద మాట. ఇప్పుడు క్షమాపణలూ సంజాయిషీలూ ఏం వద్దు. మళ్లీ ఎవరు కొండకెళ్లి వచ్చినా తొలి ముక్క తీసి తండ్రి చేతిలో ఆయనే పెట్టాలి. ఒక్క మాట కూడా కలపకుండా.

మీ దగ్గరికొద్దాం. మీరిచ్చిన జవాబు చదివి నాకూ నవ్వొచ్చింది, దాచుకోను. కానీ ఆ జవాబుతో పోయినావిడను మీ వైపు సాక్షిగా బోనెక్కించారు. ముందు ఎక్కించింది ఆయనే, నిజమే. ఆయన అన్నేళ్ల కాపురం చనువుతో ఆ పని చేశారు, మీరు మాటకు మాట కోసం చేశారు. ఆయనకు తగిలింది రాముడి మీద అభిమానమో, భార్య మీద బెంగో, ఆయనకే తెలియకపోవచ్చు.

ఒక్కటి ఆలోచించండి. తెనాలి మనిషికి రామాయణం మీద వాదన కొత్తా? రామాయణాన్ని ప్రశ్నిస్తూ 'శంబుకవధ' నాటకం రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి ఆ ఊరికి మునిసిపల్ చైర్మన్‌గా చేశారు, ఆయన సూతాశ్రమం ఆ ఊళ్లోదే. విశ్వనాథ వారి 'రామాయణ కల్పవృక్షం' జ్ఞానపీఠం అందుకున్న కొన్నేళ్లకే, 1974లో విషవృక్షం మొదటి భాగం వచ్చింది. అప్పటికి మీ మామగారు ఇరవైల్లో ఉన్న కుర్రవాడు. పుస్తకం పేరు వినగానే ఎవరు భగ్గుమన్నారో, ఎవరు దొంగచాటుగా తెచ్చుకుని చదివారో ఆయన దగ్గర బోలెడు కబుర్లు ఉండి ఉంటాయి. మీరు అడిగారా? పుస్తకం దాచేయకండి. దాస్తే మీరు తప్పు ఒప్పుకున్నట్టు, ఆయన్ని పసిపిల్లాణ్ని చేసినట్టు. కాఫీ గ్లాసు చేతికిస్తూ "ఇది కొత్తగా వచ్చినప్పుడు మీరంతా ఏమనుకున్నారు మావయ్యగారూ" అని అడగండి. ఆయన తిట్టడం మొదలుపెడితే తిట్టనివ్వండి. మూడు వారాల మౌనం కంటే ఆ తిట్టు వెయ్యి రెట్లు నయం. నడుమ మీకు కాదనాలనిపిస్తుంది, నాకు తెలుసు. ఆ రోజుకు వద్దు. ఇంకో రోజు కాదనండి, నిక్షేపంగా. మీ అభిప్రాయం మార్చుకోమని నేను చచ్చినా అనను.

నిషేధం సంగతా? అది మా ఇంట్లో చేసి చూశాం. మాది గుడివాడ వైపు, మా బావగారిది హనుమకొండ. 2013 జులై 30 సాయంత్రం తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చేసరికి అందరం హైదరాబాద్‌లో మా అక్క ఇంట్లోనే ఉన్నాం. మా అన్నయ్య, బావగారు ఒక్క మాట పెంచుకోలేదు. "ఈ ఇంట్లో ఆ టాపిక్ వద్దు" అని మా అమ్మ శాసనం చేసింది. బాగానే పాటించారు. ఆ టాపిక్‌తో మొదలై క్రికెట్, పిల్లల చదువులు, చివరికి పప్పులో ఉప్పు దాకా అన్నీ ఆగిపోయాయి. మళ్లీ నోరు విప్పింది 2016 కృష్ణా పుష్కరాల్లో, అదీ తువ్వాలు మర్చిపోయొచ్చి అడగాల్సి రావడం వల్ల. మూడేళ్లు! పోట్లాడుకుని ఉంటే మూడు నెలల్లో తేలిపోయేది. అందుకే నిషేధం వద్దంటాను.

తొమ్మిదింటి టీవీ చర్చ మాత్రం ఆపేయండి. నలుగురు నాలుగు గళ్లలో కూర్చుని ఒకేసారి అరిచేదాన్ని చూస్తూ తిన్నవాళ్లకు ఇంకోలా మాట్లాడటం ఎలా వస్తుంది? మీవాడు ఆ "నీకేం తెలుసు"ను గాల్లోంచి పట్టుకోలేదు. వాడితో సారీ చెప్పించి చేతులు దులుపుకోవద్దు. వాడి ముందే మీవారు "ఆ మాట నా దగ్గర నేర్చుకున్నాడు నాన్నా" అని తండ్రితో అనాలి. కష్టమే. అయినా ఆయనే అనాలి, ఆయన తరఫున మీరు కాదు.

పాత పేపరు మళ్లీ వేయించండి. కొత్తదీ ఉండనివ్వండి, రెండూ చదివితే పోయేదేముంది. స్కూలుకెళ్లేలోగా పావుగంట మీవాడితో తాతయ్యకు ఒక వార్త పైకి చదివించండి. ఈ కాలం పిల్లలు కదా, ఒత్తు ఒత్తుకీ తడబడతాడు. ఆ తప్పులు దిద్దుతుంటే మాస్టారికి పార్టీ గుర్తు రావడానికి కాసేపు పడుతుంది. ఊ కొట్టే పని కూడా మీ నెత్తినే వేసుకోమని మాత్రం అననమ్మా, ఇప్పటికే మీకున్నవి చాలు. పొద్దున పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి ఆ కుర్చీ ఎదురుగా కూర్చోవలసింది కొడుకే.

ఒక సంగతి మీరు రాయలేదు, అడుగుతున్నాను. ఆయన తిండి, నిద్ర ఎలా ఉన్నాయి? మూడింటికే లేచి కూర్చోవడం, అన్నం కెలికి వదిలేయడం, పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ ఉండిపోవడం లాంటివి కనిపిస్తే అది అలక కాదు, దిగులు జబ్బు కావచ్చు. డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, దాని నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

తెనాలి గురించి చివర్లో అడిగారు. ఆ ఊరు వెళ్లిపోతానని ఆయన నోటితో అన్నారా, మీరే అనుకున్నారా? ఉత్తరమంతా వెతికాను, ఆయన అన్నట్టు ఎక్కడా లేదు. పేపరు వచ్చిన నెల తర్వాత అడిగి చూడండి. వెళ్తానంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఆ ఇంటి సంగతి మాట్లాడుకుందాం.