బ్లూస్ సంగీతంలో ‘గట్‌బకెట్’ అంటే ఏమిటి?

అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిన బ్లూస్ సంగీతం గురించి రాసేవాళ్లు ఒక పాటనో, గిటార్ వాయింపునో ‘గట్‌బకెట్’ అంటుంటారు, అది తిట్టా మెప్పా అని అడిగారు. మెప్పే. నున్నగా చెక్కని, గరగరలాడే గొంతుతో, కడుపులోంచి తన్నుకొచ్చే బ్లూస్‌కి అమెరికాలో ఆ పేరు. తెలుగులో దగ్గరి మాట చెప్పమంటే నేను ‘నాటు’ అంటాను. నాటుకోడి అన్నప్పుడు ఆ మాటలో ఎంత ఇష్టం ఉంటుందో, ఇందులోనూ అంతే.

గట్ అంటే పేగు. పంది పేగులు వేసుకునే బకెట్ నుంచి ఈ పేరొచ్చిందని కొందరంటారు. చవక సారా కొట్లలో పీపాల కింద కారే చుక్కలు పట్టే బకెట్ అని ఇంకొందరు. ఏదైనా పేదల బతుకులోంచి వచ్చిన మాటే. బట్టలుతికే రేకు తొట్టిని బోర్లించి, ఒక కర్రా ఒకే తీగా బిగించి వాయించే బాస్‌నీ, అంటే మంద్రస్వరాల వాద్యాన్నీ, గట్‌బకెట్ అనే పిలుస్తారు. కర్రను వంచితే తీగ బిగుసుకుని స్వరం మారుతుంది.

జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925 నవంబరులో షికాగోలో ‘గట్ బకెట్ బ్లూస్’ రికార్డు చేశాడు. అందులో ఆయన వాద్యగాళ్లను పేరు పెట్టి పిలుస్తూ హుషారు చేస్తుంటాడు. వాళ్లలో ఒకడైన కిడ్ ఓరీ ట్రాంబోన్ (గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే ఇత్తడి వాద్యం) స్వరం నుంచి స్వరానికి జారే చోట చెవి పెట్టి వినండి, ఈ మాట అర్థం అక్కడే దొరుకుతుంది. తీర్చిదిద్దిన స్టూడియో బ్లూస్‌కి మాత్రం ఈ మాట వాడకండి, అతకదు.