రెండు స్పీకర్లకీ మధ్యలో

చిరంజీవి బుజ్జమ్మకు,

పెదనాన్న ఆశీస్సులు. మొదటి జీతంలో సగానికి పైగా పెట్టి రికార్డు ప్లేయరు కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పింది అనడం కంటే ఫిర్యాదు చేసింది అనాలి, పట్టుచీర కొనుక్కుంటావని ఆవిడ ఆశ. అటక మీద ఉన్న నా అట్టపెట్టె దింపించి, అందులోంచి రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ ప్లేటు తీశావట, పెద్ద వాద్యబృందం నాలుగు భాగాలుగా వాయించే ఆ సంగీతం. ఆదివారం దానితోనే మొదలుపెడతానన్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషంతో, సగం ఆ ప్లేటు ఏమవుతుందోనన్న దిగులుతో.

ప్లేటును అంచులతో పట్టుకో. ముల్లు కొత్తదై ఉండాలి. వేగం ముప్పై మూడు. ఇవన్నీ నీకు తెలుసు, చాదస్తం కొద్దీ రాశాను.

అది 1960 నవంబరులో వియన్నాలో, మ్యూజిక్‌ఫెరైన్ హాల్లో రికార్డు చేసింది. వాయించింది సోవియట్ రష్యాలోని లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా, నడిపించింది మ్రవీన్‌స్కీ. 1938లో ఆ ఆర్కెస్ట్రా ఆయన చేతికి వచ్చింది, 1988లో ఆయన పోయేదాకా ఆ చేతిలోనే ఉంది. యాభై ఏళ్లు! వాళ్లు పశ్చిమ ఐరోపాలో కచేరీలకు వచ్చిన సందు చూసుకుని ఒక జర్మన్ కంపెనీ పట్టుకున్న రికార్డు ఇది. 1978లో నన్ను ట్రైనింగుకు పశ్చిమ జర్మనీ పంపినప్పుడు, భోజనం డబ్బులు మిగిల్చి కొన్నాను. ఈ సింఫనీని చాలామంది వెక్కి వెక్కి ఏడుస్తూ వాయిస్తారు. మ్రవీన్‌స్కీ ఏడవడు. పళ్లు బిగబట్టి నడిపిస్తాడు. ఏడుపు మనకే వదిలేస్తాడు.

ఈ సింఫనీ మొదటి కచేరీని 1893 అక్టోబరు 28న చైకోవ్‌స్కీయే స్వయంగా నడిపి, తొమ్మిది రోజులకు చనిపోయాడు. అందుకని ప్రతి స్వరంలో చావును వెతుకుతూ కూర్చునేవాళ్లున్నారు. నువ్వలా చేయకు. రాసేటప్పుడు ఆయన ఉత్సాహంగానే ఉన్నాడు. తన రచనలన్నిటిలో ఇదే ఉత్తమమని మేనల్లుడికి ఉత్తరం రాశాడు, దీన్ని అతనికే అంకితమిచ్చాడు. ఇంట్లో పిల్లలకు ఉత్తరాలు రాసే జబ్బు నా ఒక్కడిదే కాదన్నమాట.

ఇక అసలు భయం. మొదట్లో బసూన్ అనే ఊదే వాద్యం అట్టడుగు నుంచి, వినీ వినపడనట్టు పాకుతూ వస్తుంది. శబ్దం చాలలేదని నువ్వు మీట తిప్పుతావు. తిప్పకు! మొదటి భాగం నడుమ ఒకచోట క్లారినెట్ పాట సన్నగిల్లి సన్నగిల్లి, చివరి నాలుగు స్వరాలు మళ్లీ బసూన్‌కు వస్తాయి. మెల్లగా వాయించమనే గుర్తును మామూలుగా రెండు మూడు సార్లు వేస్తారు, చైకోవ్‌స్కీ అక్కడ ఆరుసార్లు వేశాడు. మరుక్షణం ఆర్కెస్ట్రా మొత్తం నెత్తిన పిడుగులా పడుతుంది. మీట పెంచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని ఆ చోటికి వచ్చావంటే నీ చెవులకు నేను హామీ ఉండలేను. ఎందుకింత గొడవ చేస్తున్నానంటే, టర్బైన్ల పరీక్ష దగ్గర ముప్పై ఏళ్లు నిలబడి, చెవుల్లో దూది పెట్టుకోవడం నామోషీ అనుకున్నవాణ్ణి నేను. కుడిచెవి పూర్తిగా పోయింది. పోయిన చెవి తిరిగి రాదమ్మా.

రెండో భాగం ఐదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. రెండు, మూడు, మన ఖండచాపు పద్ధతిలోనే. మీ నాన్న పక్కన ఉంటే తొడ మీద తాళం వేయకుండా ఉండలేడు, వేయనీ. మూడోది మార్చ్. అది ముగిశాక అంతా అయిపోయిందనిపిస్తుంది. కాలేదు, కూర్చో.

నాలుగో భాగం దగ్గరే నేను తప్పు చేశాను.

1980లో క్వార్టర్స్ మారాం. సామాను దించే హడావుడిలో కుడి స్పీకరు తీగ ఊడిపోయింది. రెండో దానిలోంచి పాట వస్తూనే ఉంది కదా, నేను గమనించనే లేదు. మూడేళ్లు, ఆదివారం ఆదివారం, సగం రికార్డు విన్నాను. విని ఊరుకున్నానా? ఇంటికి వచ్చినవాళ్లందరికీ వ్యాఖ్యానం చెప్పాను. నాలుగో భాగం మొదట్లో పాట ముక్కలు ముక్కలుగా, ఎగుడుదిగుడుగా ఉంటుందనీ, దుఃఖంలో మనిషి తడబడే తీరు అదేననీ.

ఒక వేసవికి మీ నాన్న వచ్చాడు. నాకూ వాడికీ పద్నాలుగేళ్ల తేడా, నాన్న పోయాక నేనే పెంచాను. అప్పటికి వయొలిన్‌లో వర్ణాలు దాటి కీర్తనల్లో పడ్డాడు. రెండుసార్లు విని, "అన్నయ్యా, ఇందులో స్వరాలు తగ్గాయి. ఇదే పాట తర్వాత మళ్లీ వచ్చినప్పుడు నిండుగా ఉంది కదా, మొదట్లో ఎందుకు విరిగింది?" అన్నాడు. నేను నవ్వాను. మీ సరళీ వరసలు వేరు, సింఫనీ వేరు, నీకేం తెలుసని, నలుగురి ముందు. వాడు మారు మాట్లాడలేదు.

ఆ మరుసటి ఏడాది గోడలకు సున్నం వేయించడానికి సామాను జరిపితే తీగ కనపడింది. బిగించి, ప్లేటు పెట్టాను. మ్రవీన్‌స్కీ మొదటి వయొలిన్లను ఎడమవైపు, రెండో వయొలిన్లను కుడివైపు, ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు. చైకోవ్‌స్కీ ఆ పాటను రెండు జట్లకూ పంచాడు. ఒక స్వరం వీళ్లది, తర్వాతి స్వరం వాళ్లది. విడివిడిగా వింటే ఏ జట్టు దగ్గరా పాట ఉండదు. మధ్యలో కూర్చున్నవాడి చెవుల్లోనే అది పుడుతుంది. అదే పాట తర్వాత తిరిగి వచ్చినప్పుడు మాత్రం మొత్తం మొదటి వయొలిన్లకే ఇచ్చేశాడు. ఎడమ స్పీకరు ఒక్కదానితో కూడా అది నిండుగా వినిపించింది అందుకే. పదిహేనేళ్ల కుర్రవాడు ఏ పుస్తకమూ చూడకుండా చెవితో పట్టిన సంగతి అది.

వాడు ఇంటర్‌లో చేరాక వయొలిన్ మానేశాడు. చదువు ఒత్తిడి అన్నాడు, అదీ నిజమే అయి ఉంటుంది. తీగ సంగతి నేను వాడికి చెప్పలేదు. ఉత్తరం రాయబోయి రెండుసార్లు చింపేశాను. ఆ తర్వాత పెళ్లిళ్లు, బదిలీలు, నువ్వు పుట్టడం.

ఇప్పుడు నా కుడిచెవికి ఏ తీగా బిగించలేను. ఆ పాట నాకు మళ్లీ ముక్కలే.

కాబట్టి ఆదివారం స్పీకర్లు రెండూ పలుకుతున్నాయో లేదో, ఒక్కొక్కదానికి చెవి ఆనించి చూడు. వాటి మధ్య ఆరేడు అడుగుల ఎడం ఉంచి, నడిమికి ఎదురుగా ఒక్క కుర్చీ వేయి. అందులో మీ నాన్నను కూర్చోబెట్టు, నువ్వు కింద చాప మీద కూర్చో. నాలుగో భాగం మొదలయ్యాక మాట్లాడకు. చివర్లో గాంగ్ ఒక్కసారి మెత్తగా మోగుతుంది, ఆ తర్వాత అడుగు స్వరాల తీగవాద్యాలు ఎప్పుడు ఆగాయో కూడా తెలియదు. ముల్లు వెంటనే ఎత్తకు. అప్పుడు ఈ ఉత్తరం వాడి చేతికియ్యి. కళ్లజోడు మర్చిపోతాడు, అది కూడా తెచ్చియ్యి.

పెదనాన్న