రెండు పీఎఫ్ ఖాతాలు, ఐదేళ్ల సర్వీసు లెక్క

ప్రశ్న: మొదటి కంపెనీలో 3 ఏళ్ల 4 నెలలు, ప్రస్తుత కంపెనీలో 2 ఏళ్లు పనిచేశాను. అమ్మ అనారోగ్యం వల్ల వచ్చే నెల రాజీనామా చేయబోతున్నాను. పాత పీఎఫ్ రూ. 2,10,000 బదిలీ చేయించుకోలేదు. మొత్తం ఐదేళ్లు దాటింది కనుక రెండు ఖాతాల సొమ్మూ విడివిడిగా తీసుకున్నా పన్ను ఉండదని, ఉన్నా 10 శాతం కోతతో సరిపోతుందని తోటి ఉద్యోగులు అంటున్నారు. నిజమేనా? — ఒక పాఠకురాలు

జవాబు: ఆ రెండు మాటలూ సరికావు. పీఎఫ్ సొమ్ముకు పన్ను మినహాయింపు దక్కాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. అయితే పాత యజమాని వద్ద చేసిన సర్వీసు ఆ లెక్కలో చేరాలంటే, అక్కడి నిల్వ కొత్త యజమాని ద్వారా నడిచే ఖాతాకు బదిలీ అయి ఉండాలని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. బదిలీ కాకుండా విడివిడిగా తీసుకుంటే ఏ ఖాతాకూ ఐదేళ్లు నిండవు. బదిలీ అయితే మీ సర్వీసు 5 ఏళ్ల 4 నెలలవుతుంది. యూఏఎన్ (ఉద్యోగికి జీవితాంతం ఉండే ఒకే పీఎఫ్ గుర్తింపు సంఖ్య) ఒకటే ఉన్నంత మాత్రాన నిల్వలు కలిసిపోయాయని చాలామంది అనుకుంటారు గానీ, పాస్‌బుక్‌లో రెండు సభ్యత్వ సంఖ్యల కింద వేర్వేరు నిల్వలు కనిపిస్తుంటే అవి కలవలేదనే అర్థం.

ఇక 10 శాతం సంగతి. ఐదేళ్లు నిండకుండా తీసుకునే మొత్తం రూ. 50,000 లేదా అంతకు మించితే పీఎఫ్‌ను నిర్వహించే సంస్థ ఈపీఎఫ్‌ఓ 10 శాతం, పాన్ ఇవ్వనివారికి 20 శాతం టీడీఎస్ (సొమ్ము చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తుంది. అది ముందస్తు వసూలు మాత్రమే. అసలు పన్ను మీ శ్లాబును బట్టి రిటర్నులో తేలుతుంది. యజమాని వాటా, దానిపై వడ్డీ జీతం కింద, మీ వాటాపై వడ్డీ ఇతర ఆదాయం కింద లెక్కకు వస్తాయి. మీ వాటా అసలు సొమ్ము మీద మామూలుగా పన్ను లేదు గానీ, పాత పన్ను విధానంలో ఏయే సంవత్సరాల్లో దానికి 80సి మినహాయింపు (పొదుపు చేసిన మొత్తాన్ని పన్ను లెక్కించే ఆదాయం నుంచి తీసేయడం) పొందారో, ఆ మేరకు తగ్గిన పన్ను ఇప్పుడు తిరిగి పడుతుంది.

ఐదేళ్లు నిండకపోయినా మినహాయింపు దొరికే సందర్భాలు ఉన్నాయి: ఉద్యోగి స్వయంగా అనారోగ్యం పాలవడం, యజమాని వ్యాపారం తగ్గిపోవడం లేదా మూతపడటం, ఉద్యోగి చేతిలో లేని మరో కారణంతో సర్వీసు ముగియడం. అమ్మగారి అనారోగ్యాన్ని ఈ చివరి కారణంగా వాదించవచ్చు గానీ, మీ అంతట మీరే రాజీనామా చేస్తున్నందున ఆ వాదన బలహీనమని నా అభిప్రాయం. బదిలీ అనే తేలిక దారి ఉండగా దాన్ని నమ్ముకోవద్దు.

కాబట్టి ఉద్యోగంలో ఉండగానే ఆన్‌లైన్‌లో బదిలీకి దరఖాస్తు పెట్టండి. పాత కంపెనీ మీరు మానేసిన తేదీని నమోదు చేసిందో లేదో ముందుగా చూసుకోండి, ఎందుకంటే బదిలీలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. పాత నిల్వ ప్రస్తుత ఖాతాలో జమ అయినట్టు పాస్‌బుక్‌లో కనిపించాకే రాజీనామా తేదీ ఖరారు చేసుకోండి. రెండు కంపెనీల నియామక, విడుదల పత్రాలను భద్రపరచుకుంటే, ఆదాయపు పన్ను శాఖ ఎప్పుడైనా అడిగినప్పుడు సర్వీసు లెక్క చూపగలుగుతారు.