క్రియాటినిన్ 2.8 ఉంది... గలిజేరు కషాయం తాగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కవిటి మండలం. వయసు 52. కొబ్బరి తోటలో పని. ఆరు నెలల కిందట కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.8 ఉందన్నారు. మళ్లీ పరీక్ష చేయించలేదు. ఊళ్లో పెద్దాయన చెబితే గలిజేరు కషాయం రోజూ పరగడుపున గ్లాసుడు తాగుతున్నాను. తెల్లదా, ఎర్రదా, ఏది మంచిది? నడుం నొప్పికి షాపులో బిళ్ల తెచ్చి వేసుకుంటున్నాను.
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తెలుపా ఎరుపా అన్నది తర్వాత చూద్దాం. నాకు భయం వేసింది మీ చివరి మాటకి. ఏ బిళ్ల, ఎన్నాళ్లుగా? పేరు రాయలేదు. షాపులో నొప్పికని అడిగితే మామూలుగా ఇచ్చేవి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి. వీటివల్ల కిడ్నీకి రక్తం సరఫరా తగ్గుతుంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, పైన ఈ బిళ్ల వేస్తే బాగున్న కిడ్నీయే దెబ్బతినొచ్చు. ఇప్పటికే క్రియాటినిన్ 2.8కి పెరిగిన మీ సంగతి చెప్పాలా? ఈరోజే మానేయండి. మరీ తట్టుకోలేకపోతే పారాసెటమాల్, అదీ మీ డాక్టర్ని అడిగి. మీ ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్లేదు. బిళ్ల మానడానికి అది తేలేదాకా ఆగక్కర్లేదు కదా!

ఇక గలిజేరు. తెల్ల గలిజేరు వేరు, ఎర్ర గలిజేరు అని చాలామంది పిలిచే అటికమామిడి వేరు. రెండూ గట్ల మీద పాకేవే, పీకి తెచ్చేవాళ్లే తికమకపడతారు. ఆయుర్వేదంలో గలిజేరుని పునర్నవ అన్న పేరుతో వాపులకి వాడే మాట నిజమే. పప్పులో వేసుకునే ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లని ఆకుకూర ఉడికించి నీళ్లు వార్చేయమంటాం, పొటాషియం ఆ నీళ్లలోకి దిగుతుంది గనక. మీరు ఆకు పారేసి ఆ నీళ్లే తాగుతున్నారు! తెల్ల గలిజేరులో కిడ్నీలో పేరుకుని చేటు చేసే ఆక్సలేట్లు కూడా ఎక్కువే. పొటాషియం బాగా పెరిగితే ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే గుండె లయ తప్పుతుంది. కాబట్టి రెండూ వద్దు. కొబ్బరి నీళ్లూ అంతే. మీ వైపు ఎవరింటికెళ్లినా బోండం కొట్టి చేతిలో పెడతారని తెలుసు, పొటాషియం రిపోర్టు చూసేదాకా వద్దనండి.

ఆరు నెలలుగా మళ్లీ పరీక్షే చేయించలేదంటే కోపమొస్తోంది. బీపీ, షుగర్ సంగతీ రాయలేదు. ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీ స్కానింగ్ చేయించండి. పలాస కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. మిమ్మల్ని చూడకుండా మందులు రాయలేను. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, కాళ్లూచేతులూ పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకండి. వెళ్లేటప్పుడు ఆ బిళ్లల అట్ట, కషాయం కాచే మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసుకెళ్లండి.