కరోనా సమయంలో సైన్స్ మీద నమ్మకం పార్టీని బట్టి ఎందుకు మారింది?
సైన్స్ అర్థం కాక కాదండీ, ఆ మాట ఎవరి నోట వచ్చిందన్నదే చాలామంది ముందు చూశారు. అమెరికానే తీసుకోండి. 2020 మార్చిలో అప్పటి అధ్యక్షుడు, రిపబ్లికన్ పార్టీ నాయకుడు ట్రంప్ మలేరియా మందైన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కరోనాకి పనిచేస్తుందని పొగడగానే ఆ మాత్ర మీద అభిప్రాయాలు పార్టీల వారీగా చీలిపోయాయి, జూన్‌లో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దాని అత్యవసర అనుమతిని వెనక్కి తీసుకున్నా వాదన ఆగలేదు. మాస్కులదీ ఇదే గొడవ: మామూలు జనానికి అక్కర్లేదన్న ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే ఏప్రిల్‌లో పెట్టుకోమంది. కొత్త ఆధారాలొస్తే సలహా మారడం సైన్స్‌లో మామూలే, కానీ ప్రభుత్వం మీద ముందే అనుమానం ఉన్నవాళ్లకి అది అబద్ధంలా కనిపించింది.

ఇది ఒక్క పార్టీకే పరిమితం కాదు. 2020 అక్టోబర్ ఎన్నికల డిబేట్‌లో డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్, డాక్టర్లు చెబితే టీకా వేయించుకుంటాను, ట్రంప్ చెబితే వేయించుకోను అన్నారు. తర్వాత టీకాకి దూరంగా ఉన్నవాళ్లలో రిపబ్లికన్లే ఎక్కువ. నన్నడిగితే, డాక్టర్లు చెప్పాల్సిన మాట నాయకులు చెప్పడం వల్లే ఎక్కువ నష్టం జరిగింది.