ముందు అత్తగారికి ఫోన్ చేయించండి, పిల్లాడి సంగతి తర్వాత

ప్రశ్న (పెద్ద ఉత్తరాన్ని కుదించి వేశాం): మాది తడ దగ్గర పల్లె. మా ఆయన శ్రీలంక తమిళుడు. 1990లో అక్కడ మళ్ళీ యుద్ధం మొదలైనప్పుడు తొమ్మిదేళ్ళ వయసులో మేనమామతో పడవలో రామేశ్వరం చేరి, గుమ్మిడిపూండి క్యాంపులో పెరిగారు. పెయింటింగ్ పనికి మా ఊరు వచ్చినప్పుడు పరిచయమయ్యారు. పెళ్ళయి పదహారేళ్ళు, ఒక పాప. మామగారు, అత్తగారు, బావగారు అక్కడే ఉండిపోయారు. మామగారు తర్వాత జబ్బు చేసి పోయారు. 2009లో యుద్ధం చివరి నెలల్లో తోడికోడలు షెల్ తగిలి చనిపోయింది. మే నెలలో ముల్లివాయ్క్కాల్ దగ్గర బావగారు తప్పిపోయారు, ఇప్పటికీ జాడ లేదు. వాళ్ళ బాబు అప్పటికి నెలల పిల్లాడు. అత్తగారే పెంచారు. సైన్యం చేతిలో ఉండిపోయిన సొంత భూమి రెండేళ్ళ కిందట తిరిగి వచ్చింది. జాఫ్నా వైపు, వలికామం ఉత్తరంలో ఎకరంపావు. అబ్బాయికి ఇప్పుడు పదిహేడు. చదువు మానేసి ఉల్లి, మిరప పండిస్తున్నాడు. మోటారు కోసం వడ్డీకి అప్పు కూడా తెచ్చాడు. తిరుపతిలో పాలిటెక్నిక్‌లో చేర్పిస్తామంటే రానంటున్నాడు. వాళ్ళ అప్పమ్మే (నాయనమ్మే) వాడి బుర్ర పాడుచేస్తోందని మా ఆయనకు ఒకటే కోపం. రైతుకు రేపు పిల్లనెవరిస్తారు? వాడిని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. పాలిటెక్నిక్ గురించి నేను చెప్పేది ఇంతే. పుట్టినప్పటి నుంచి తమిళంలో చదివిన పిల్లాడిని తిరుపతిలో ఏ భాషలో పాఠాలు వినమంటారు? ఏ వీసా మీద తెస్తారు, అది అయిపోయాక ఏం చేస్తారు? ముప్పై అయిదేళ్ళుగా ఈ నేల మీద ఉంటున్న మీ ఆయనకే ఇంకా పౌరసత్వం రాలేదు. గోడలకు రంగులేసి సంసారం నడుపుతున్న మనిషి, పోలీసు వెరిఫికేషన్ అంటే ఇప్పటికీ గుండె దడ అని మీరే రాశారు. ఆ దడలోకి ఇంకో కుర్రాడిని లాక్కొచ్చి పెడతారా?

ఇక రైతుకు పిల్లనెవరిస్తారన్న మాట. పదిహేడేళ్ళ వాడికి పెళ్ళి టెన్షన్ మీకెందుకమ్మా? రైతు ఇంట్లో పుట్టానని మొదటి పేరాలో గర్వంగా రాసిన మీరే నాలుగో పేరాలో ఇలా రాశారు. మన ఊళ్ళలో ఈ మాట అనీ అనీ సేద్యం చేసే కుర్రాళ్ళను తల దించుకునేలా చేశాం. ఆ జబ్బును సముద్రం దాటించకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబ్బాయి గురించి రాసిన చోట మీ చెయ్యి ఆగలేదు. పూడిపోయిన బావిని కూలివాళ్ళతో కలిసి తీస్తుంటే మొదట లారీ టైర్లు, ఆ తర్వాత సిమెంటు దిమ్మెలు, చుట్టలు చుట్టలుగా ముళ్ళతీగ, అట్టడుగున అత్తగారి పాత రుబ్బురోలు బయటపడ్డాయట. నీళ్ళు ఊరాక దోసిట్లో పట్టి తాగి చూసి ‘చిత్తీ (పిన్నీ), ఉప్పగా లేవు’ అని మీకు వాయిస్ మెసేజ్ పెట్టాడట. ఆ ప్రాంతంలో ఆ మాటకు ఎంత విలువో మీకు తెలుసో లేదో. జాఫ్నాలో ఏడాది పొడవునా పారే నది లేదు. సున్నపురాయి పొరల్లో నిలిచిన వాన నీళ్ళే అన్నిటికీ ఆధారం. ఎక్కువ తోడితే సముద్రం లోపలికి వచ్చేస్తుంది, బావి ఉప్పవుతుంది. ఒకసారి ఉప్పయితే ఉల్లి ఉండదు, మిరప ఉండదు. వాడు ముందు నీళ్ళు రుచి చూశాడంటే వాడికి సేద్యం తెలుసనే అర్థం. అలాంటివాడిని బుర్ర పాడైనవాడంటున్నారు మీ ఆయన.

అత్తగారి గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం రాశారు. ‘ఆవిడతో మా ఆయన మాట్లాడరు.’ అంతే. ఎప్పటి నుంచి, ఎందుకు అన్నది లేదు. కానీ మూడు పేరాల తర్వాత, ఇంకేదో చెబుతూ, ఆయన తాగినప్పుడు అనే మాట ఒకటి రాసేశారు: ‘మా అమ్మ నన్ను పడవెక్కించి చేతులు దులుపుకుంది, అన్నను మాత్రం కొంగున కట్టుకుంది.’

మీ ఇంటి అసలు గొడవ ఇదేనమ్మా. పిల్లాడి చదువు పేరుతో పైకి వస్తోంది.

తొమ్మిదేళ్ళ పిల్లాడు. రాత్రి పూట పడవ. పక్కన తల్లి లేదు. ఆ వయసులో పిల్లాడికి యుద్ధం అర్థం కాదు, ఇద్దరిలో తననే పంపేశారన్నది అర్థమవుతుంది. అది ఆయనలో అలాగే గడ్డకట్టి ఉండిపోయింది. ఆ తర్వాత అన్న తప్పిపోయాడు. తప్పిపోయిన అన్న మీద కోపం తెచ్చుకోవడానికి లేదు, మనిషన్నవాడికి మనసొప్పదు. కాబట్టి కోపమంతా తల్లి మీదికి పోయింది. ఇప్పుడు ఆ తల్లి దగ్గర మిగిలింది అన్న కొడుకొక్కడే. వాడిని ఆమె దగ్గర్నుంచి తెచ్చేసుకుంటానంటున్నాడు. తాను చేస్తున్నది అదేనని ఆయనకు తెలియకపోవచ్చు. మంచి పని చేస్తున్నాననే అనుకుంటున్నాడు. మీరూ అలాగే అనుకుంటున్నారు.

నాకైతే ఇందులో మంచి కనిపించడం లేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. 1990లో వలికామంలో ఇల్లు వదిలి వెళ్ళాల్సి వచ్చింది, 95లో జాఫ్నా మొత్తం ఖాళీ అయినప్పుడు దక్షిణాన ఉన్న వన్ని ప్రాంతానికి నడిచింది, అక్కడే భర్తను పోగొట్టుకుంది, 2009లో నెలల పిల్లాడిని చంకనేసుకుని మెనిక్ ఫార్మ్ క్యాంపు ముళ్ళకంచె లోపలికి వెళ్ళింది. ఇళ్ళన్నీ నేలమట్టమైన చోట, మిగిలిన చింతచెట్టును బట్టి ఇదే మా నేల అని గుర్తుపట్టింది. అలాంటి మనిషి దగ్గర్నుంచి మనవణ్ణి తీసుకుపోవడానికి ఎవరికీ హక్కు లేదు. కన్న కొడుక్కి అసలే లేదు.

మీ ఆయన ఒక్కసారైనా అడిగాడా? అమ్మా, నన్నెందుకు పంపావు, అన్నను ఎందుకు ఉంచుకున్నావు అని? అడగలేదని నా అనుమానం. పెద్దవాడికి అప్పుడు పదిహేనేళ్ళన్నారు. 1990లో ఆ వయసు తమిళ కుర్రాడు దారిలో సైన్యం కంటపడినా ప్రమాదమే, ఎల్టీటీఈ పులుల కంటపడినా ప్రమాదమే. తెచ్చిన డబ్బుకు పడవలో ఒక్క పిల్లాడికే చోటు దొరికిందేమో. చిన్నవాడైనా బతకాలనుకుందేమో. నేను ఊహిస్తున్నాను, జవాబు ఆమె దగ్గరే ఉంది. ఆ వయసులో ఆమె ఇంకెన్నాళ్ళు చెప్పగలుగుతుంది? మీరు అబ్బాయిని ఒప్పించే పని మానుకుని, మీ ఆయన చేత ఆ ప్రశ్న అడిగించండి. తాగి మీ దగ్గర తిట్టినన్నాళ్ళూ అది తేలదు. పొద్దున్నే, కాఫీ తాగి, వీడియో కాల్‌లో అడగమనండి. మీరు పక్కన కూర్చోకండి. పాపను తీసుకుని బయటికి వెళ్ళిపోండి.

ఇంకో సంగతి కూడా ఉత్తరంలో మూలన దాగి ఉంది. భూమి ఇంకా మామగారి పేరు మీదే ఉందన్నారు. అంటే వాటా మీ ఆయనకూ ఉంది, కనిపించకుండా పోయిన బావగారికీ ఉంది. అబ్బాయి రోజూ నడుం వంచి దున్నుతున్న నేల మీద వాడి పేరుతో ఒక్క కాగితం లేదు. మీ ఆయన వాటా మాటెత్తలేదు, నిజమే. వదులుకుంటానని కూడా అనలేదు కదా? పిల్లాడు ఇక్కడికి వచ్చేస్తే, అత్తగారి తర్వాత ఆ నేల ఎవరిది? ఈ లెక్క మీ మనసులో లేదంటే నమ్ముతాను. ఊళ్ళో వాళ్ళు నమ్మరు, అబ్బాయి కూడా ఏదో ఒక రోజు నమ్మడం మానేస్తాడు.

కాగితం అక్కడ ఎంత అవసరమో 2025లో చూశాం. మార్చి 28న కొలంబో ప్రభుత్వం ఉత్తర రాష్ట్రంలో దాదాపు 6 వేల ఎకరాల మీద గెజెట్ ఇచ్చింది. మూడు నెలల్లో హక్కు చూపించకపోతే సర్కారు భూమేనంది. అందులో ఎక్కువ భాగం జాఫ్నా జిల్లాదే. యుద్ధంలో నాలుగైదుసార్లు ఇల్లు మారినవాళ్ళ దగ్గర దస్తావేజులు ఎక్కడ మిగులుతాయి? జనం గోల చేశారు, సుప్రీంకోర్టు ఆపింది, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఇంకోసారి రాదని ఎవరు చెప్పగలరు? అందుకే మీ ఆయన తన వాటా అన్న కొడుక్కి రాసివ్వాలి. అక్కడ దస్తావేజు రాసేది నోటరీ. ఇక్కడి నుంచి సంతకాలు ఎలా చేయాలో ఆ నోటరీనే అడగండి, చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌కు వెళ్ళాల్సి వస్తే ఒక రోజు కూలి పోతుంది, పోనివ్వండి.

బావగారి వాటా దగ్గర చిక్కుంది. ఆయన చనిపోయినట్టు సర్టిఫికెట్ తీసుకోమంటే అత్తగారు ఒప్పుకోవడం లేదన్నారు. మొండితనం అన్నారు. అది మొండితనం కాదు. శవాన్ని చూడని తల్లిని, నా కొడుకు పోయాడని సంతకం పెట్టమనడం అన్యాయం. ఆమె ఒక్కతే కాదు, 2017 నుంచి వవునియాలో, కిలినొచ్చిలో తల్లులు బిడ్డల ఫోటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటున్నారు. ఈ బాధకు అక్కడి చట్టంలో ఒక దారి ఉంది. 2016 నుంచి మరణ ధ్రువపత్రానికి బదులు, మనిషి ‘కనిపించడం లేదు’ అని ధ్రువపత్రం ఇస్తున్నారు. అది పెట్టుకుని ఆ మనిషి ఆస్తి వ్యవహారాలు కుటుంబం చూసుకోవచ్చు. కొడుకు పోయాడని ఆమె ఎక్కడా ఒప్పుకోనక్కర్లేదు. ఈ మాట ఆమెకు చెప్పాల్సింది మీ ఆయనే. నోటరీ చేత, అబ్బాయి చేత చెప్పించకండి.

అబ్బాయి చేసేదంతా భేష్ అని నేననడం లేదు. పదిహేడేళ్ళ వాడు వడ్డీకి అప్పు తేవడం నాకు భయంగా ఉంది. ఉత్తర ప్రాంతంలో యుద్ధం తర్వాత ఈ చిన్న అప్పులే ఎన్నో ఇళ్ళను మింగాయి, ముఖ్యంగా ఆడవాళ్ళ పేరు మీద తీసినవి. పైగా ఉల్లి పంట. కోత సమయానికి మన దేశం నుంచి ఉల్లి దిగుమతై ధర పడిపోతే అక్కడి రైతు లబోదిబోమంటాడు, ఇక్కడ కర్నూలు మార్కెట్లో మన రైతూ లబోదిబోమంటాడు, మధ్యలో ఎవరు బాగుపడతారో దేవుడికే తెలియాలి. పాలిటెక్నిక్‌కు, టికెట్లకు దాచిన డబ్బు ఉందన్నారు కదా. దాంతో ఆ మోటారు అప్పు తీర్చండి. బ్యాంకు ద్వారా పంపండి, రసీదు దాచుకోండి. ఇది దానం కాదు, ఆ ఇంటి చిన్న కొడుకు ఇన్నేళ్ళకు కడుతున్న బాకీ. ఆ మాట మీ ఆయనకు నేను చెప్పానని చెప్పండి, కోపమొస్తే నా మీద రానివ్వండి.

నేల గురించి ఒక హెచ్చరిక, ఇది మాత్రం ఈ వారమే చెప్పండి. సైన్యం వదిలిన ప్రతి గజం మందుపాతరలు ఏరేసిన గజం కాదు. ఆ దేశంలో ఏరివేత ఇంకా సాగుతూనే ఉంది, మందుపాతరల నిషేధ ఒప్పందం ప్రకారం 2028 దాకా గడువుంది. తమ ఎకరంపావు మొత్తం తనిఖీ అయిందా, ఏ హద్దు దాకా అయిందో గ్రామ అధికారిని అడిగి తెలుసుకోమనండి. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు దాటి ఒక్క అడుగు వేయొద్దు. పారకు ఇనుము తగిలితే చేత్తో లాగొద్దు, అక్కడే ఆపి కబురు చేయాలి. చెత్త కుప్ప వేసి తగలబెట్టే అలవాటుంటే మానేయాలి, కింద ఏముందో తెలియదు. బావిలోంచి ముళ్ళతీగ పీకానని గొప్పగా రాశాడంటే నాకు ఒళ్ళు జలదరించింది. మీరు ‘శభాష్’ అని బొమ్మ పంపారట!

చదువు సంగతి. మానేయడం తప్పే, అందులో మీ ఆయన మాటకు నేనూ తల ఊపుతాను. కానీ చదువుకోవడానికి దేశం మారనక్కర్లేదు. అక్కడ మన ఇంటర్ లాంటి ‘ఏ-లెవెల్’ పరీక్ష మంచి మార్కులతో పాసైతే జాఫ్నా విశ్వవిద్యాలయం వ్యవసాయ ఫ్యాకల్టీ కిలినొచ్చిలోనే ఉంది. ఉల్లి గురించి వాడికి తెలిసిందానికి పైన కొంత సైన్సు పడితే ఆ నేలకే మంచిది. మాని ఏడాదే అయింది కాబట్టి తిరిగి చేరే వీలుంటుంది.

అబ్బాయి ఇక్కడికి రావడం కంటే మీరు అక్కడికి వెళ్ళడం తేలిక. మీకు భారత పాస్‌పోర్టు ఉంది. చెన్నై నుంచి జాఫ్నా విమానాశ్రయం ఉన్న పలాలికి విమానం గంటన్నర కూడా పట్టదు, సముద్రం అనుకూలంగా ఉన్న నెలల్లో నాగపట్నం నుంచి కాంకేసంతురైకి ఓడ కూడా నడుస్తోంది. రెండూ మీ అత్తగారి ఊరికి పక్కనే. పదహారేళ్ళ కాపురంలో అత్తగారి ముఖం నేరుగా చూడలేదు, నాయనమ్మ చేతి ముద్ద మీ పాప తినలేదు. వేసవి సెలవుల్లో ఇద్దరూ వెళ్ళి రండి. మీ ఆయన మాత్రం తొందరపడి కదలకూడదు. శరణార్థి గుర్తింపు మీద ఉన్న మనిషి వెళ్తే తిరిగి రానిస్తారా, అక్కడ దిగగానే పాత కేసంటూ ఏమైనా పడుతుందా అన్నది లాయరుతో తేల్చుకున్నాకే.

మీరు అక్కడున్నప్పుడు అబ్బాయిని ‘ఏ-లెవెల్’కు మళ్ళీ చేర్చడానికి స్కూల్లో ఏమేం కావాలో అడిగి రాసుకోండి. పుస్తకాల డబ్బు, ట్యూషన్ డబ్బు నెలనెలా మీ ఆయన చేత పంపించండి. పంపిన రోజు ఫోన్ చేసి వాళ్ళ అమ్మకే చెప్పమనండి.