పాలు లేవమ్మా అంటే నమ్మకు బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్లో వండర్లా పార్కుకు టికెట్లు బుక్ చేశామని చెప్పి, మన చిన్నోడికి పాల ఎలర్జీ కదా, ఆ వెంటనే "చిన్నోడికి అక్కడ ఏం పెట్టాలో తెలుస్తలేదు పెద్దమ్మా, మానుకుందామా అనిపిస్తుంది" అన్నావు. మానుకోకండి. పిల్లలకు నీళ్ళల్లో ఆట అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు, నాలుగేళ్ళ పిల్లాడు "నావల్ల అక్క కూడా పోలేదు" అనుకోవడం ఎలర్జీ కంటే ఎక్కువ నొప్పి. పోండి, కానీ తయారయ్యి పోండి. ఇదే ఎలర్జీ ఉన్న మా మనవడితో ఏడెనిమిదేళ్ళు పడ్డ పాట్లు ఉన్నాయి, అంతకుముందు హన్మకొండలో పద్దెనిమిదేళ్ళు మెస్ నడిపిన అనుభవం ఉంది, ఆ రెండూ కలిపి రాస్తున్నా. కొంచెం పొడుగే అవుతుంది, టీ పెట్టుకుని చదువు.

మెస్ నడిపినదాన్ని కాబట్టి ముందు ఒక మాట. వంటవాడి లెక్కలో పాలు అంటే గిన్నెలో పొంగేవి మాత్రమే. పెరుగు వాడి దృష్టిలో పాలు కాదు, నెయ్యి అసలే కాదు, వెన్న, పనీర్, మీగడ, కోవా దేనికదే వేరే సరుకు. నా దగ్గర పనిచేసిన మాస్టర్‌ను ఎవరైనా "కుర్మాలో పాలున్నయా?" అని అడిగితే "లేవు సార్" అని ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడు, అప్పుడే అందులో గరిటెడు పెరుగు పోసి ఉండేవాడు. అబద్ధం కాదు, వాడికి అది నిజమే. అందుకే "పాలు ఉన్నాయా, లేవా" అని ఎప్పుడూ అడగకు. "ఇది ఎట్ల చేస్తారు అన్నా, మొదటి నుంచి చెప్పు" అని అడుగు. కౌంటర్లో బిల్లు కొట్టే పిల్లగాన్ని కాదు, గరిటె పట్టుకున్నవాన్ని. వాడు చెప్తుంటే మధ్యలో ఆపకు, నెయ్యి ఎక్కడ పడుతుందో వాడి నోటి నుంచే వస్తుంది.

మాకు జరిగింది చెప్తా. అప్పుడు మా మనవడికి మూడేళ్ళు. ఏ పార్కో చెప్పను, ఏ పార్కులోనైనా జరిగేదే. ప్లెయిన్ దోసె కదా, బియ్యం, మినప్పప్పు, ఏముంటుందిలే అని తెచ్చుకున్నాం. రెండో ముక్క మింగగానే పెదవి అంచు ఎర్రబడింది. వాడు అప్పుడే నీళ్ళల్లోంచి వచ్చాడు, ఒళ్ళంతా చలికి వణుకుతోంది, మెడ మీద దద్దుర్లు చూసి చలికే అనుకున్నాం. గొంతు బొంగురుపోయి "అమ్మమ్మా దురద" అన్నాక గాని మాకు బుర్ర వెలగలేదు. తర్వాత మా అల్లుడు ఆ కౌంటర్ దగ్గరికి పోయి చూశాడు. పెనం పక్కన స్టీలు గిన్నెలో కరిగిన వెన్న, అందులో ఫోర్కుకు గుచ్చిన సగం ఉల్లిగడ్డ. ప్రతి దోసెకు ముందు దాంతో పెనమంతా రుద్దుతున్నాడు. పిండిలో పాలు లేవు, నిజమే. పెనం మీద ఉన్నాయి.

ఇంకో సంగతి, మీ అత్తమ్మకు కూడా చదివి వినిపించు. పాలు పడకపోవడం, పాల ఎలర్జీ ఒకటి కాదు. పడకపోవడం అంటే పాలల్లో ఉండే చక్కెర, లాక్టోజ్, అరగకపోవడం. కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు అవుతాయి, అంతే. మనవాడిది పాలల్లోని ప్రోటీన్లను, కేసిన్, వే అంటారు వాటిని, ఒంట్లోని రక్షణ వ్యవస్థే శత్రువు అనుకుని తిరగబడటం. అందుకే లాక్టోజ్ లేని పాలు అని షాపులో అమ్మేవి వీడికి పనికిరావు, ప్రోటీన్ అందులో అట్లాగే ఉంటుంది. మేకపాలు మంచివి అని ఎవరో ఒకరు చెప్తారు, బర్రెపాలు అని ఇంకొకరు చెప్తారు, ఆ ప్రోటీన్లు ఆవుపాల వాటికి దగ్గరి చుట్టాలు, ఎక్కువ మంది పిల్లలకు అవీ పడవు. నెయ్యి కాచితే అంతా పోతుంది అనుకుంటాం, కొంచెం మిగులుతుంది, ఆ కొంచెం చాలు కొందరికి. "రోజూ చెంచాడు పెడితే అదే అలవాటైతది" అన్న మాట మాత్రం మీ ఇంట్లో ఎవరి నోటా రానియ్యకు. అలవాటు చేసే పద్ధతి ఉంది, కానీ అది డాక్టర్ కళ్ళముందు చేసేది, వంటింట్లో కాదు. మా వాడికి పోయిన సంవత్సరం ఆసుపత్రిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, పాలు పోసి ఓవెన్లో బాగా కాల్చిన కేకు తినొచ్చు అన్నారు. వట్టి పాలు పదకొండేళ్ళు వచ్చినా ఇంకా పడవు.

ఇక దారి. మీరు కారులోనే వస్తారు కదా, వరంగల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే వండర్లా ఉన్న రావిర్యాల వైపు దిగొచ్చు, హైదరాబాద్ ఊళ్ళోకి పోయే పని లేదు. జనగామలోనో భువనగిరిలోనో టిఫిన్‌కు ఆగుతారు. అక్కడ ఇడ్లీ మేలు, కానీ ప్లేట్లకు నెయ్యి రాస్తారా, నూనె రాస్తారా అడుగు, సాంబార్ మీద నెయ్యి చుక్క వద్దని ముందే చెప్పు. దారిలోనే కదా అని యాదగిరిగుట్టకు పోతే లడ్డూ దగ్గర జాగ్రత్త. దేవుడి ప్రసాదం కాదనకూడదని ఎవరో ఒక ముసలాయన ప్రేమగా పిల్లాడి నోట్లో పెట్టేస్తాడు, నువ్వు వద్దనేలోపే అయిపోతుంది. పులిహోర తీసుకో, అది కూడా దేనితో తాలింపు వేశారో అడిగే పెట్టు. ఆ లెక్కన మేడారం సమ్మక్క తల్లే నయం, ఆమె బంగారం అంటే బెల్లం, మనవాడికి ఏ ఇబ్బందీ లేదు.

పార్కుల్లో గేటు దగ్గర సంచులు చూస్తారు, బయటి తిండి మామూలుగా లోపలికి రానివ్వరు. గొడవ పడితే లాభం లేదు, వాళ్ళ డ్యూటీ అది. పోయే నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టు, పిల్లాడికి ఎలర్జీ ఉంది, వాడి ఒక్కడి డబ్బా తెచ్చుకుంటాం అని. జవాబు వస్తే ఫోన్‌లో దాచుకో, డాక్టర్ రాసిన చీటీ ఒకటి ప్రింట్ తీసుకో. గేటు దగ్గర పెద్ద గొంతు పెట్టేకంటే ఆ కాగితం చూపిస్తే పని తొందరగా అవుతుంది. డబ్బాలోకి సర్వపిండి, సకినాలు నేను పంపిస్తా, రెండూ నూనెవే, నువ్వులు, పల్లీలు వాడికి పడతాయి కాబట్టి భయం లేదు. నువ్వు పొద్దున చింతపండు పులిహోర కలిపి పెట్టు, సాయంత్రం దాకా ఆగుతుంది, నాలుగు అరటిపళ్ళు పెట్టుకో.

డబ్బా ఉంది కదా అని లోపల ఏమీ కొనకుండా ఉండలేరు, అక్క చేతిలో ఏదో ఒకటి చూసి వీడు ఏడుస్తాడు. కాబట్టి ఏవి ఎట్లా ఉంటాయో తెలుసుకో. బిర్యానీ వద్దు, మాంసం పెరుగులో నానుతుంది, పైన నెయ్యి పడుతుంది. తందూరి ముక్కలు అంతే, నాన్ పిండిలో పెరుగో పాలో కలుపుతారు. తెల్లన్నం గిన్నెలోంచి నేరుగా పెట్టించుకో, ఉడకబెట్టిన గుడ్డు దొరికితే ఇంకా మంచిది. బజ్జీ శనగపిండే, కానీ అదే మూకుట్లో ఇందాక పనీర్ పకోడీ వేగి ఉంటుంది, ఆలుగడ్డ ఫ్రైస్‌కూ ఇదే బాధ, పక్కన చీజ్ ముక్కలు వేయించారా అని నూనె గురించి అడగాలి. మక్కకంకి కాల్చి ఇస్తారు చూడు, అందరూ అదే భద్రం అనుకుంటారు. నిప్పుల మీద కంకి భద్రమే, దాని మీద రుద్దే నిమ్మచెక్క మాత్రం భద్రం కాదు. వెన్న పూసిన కంకికి రుద్దిన చెక్కనే మళ్ళీ ఉప్పులో అద్ది మన కంకికి రుద్దుతాడు. కొత్త నిమ్మకాయ కొయ్యమను, పది రూపాయలు ఎక్కువిచ్చినా సరే. ఐస్‌గోలా మీద మిల్క్‌మెయిడ్ పోస్తున్నాడేమో చూసుకో. పుల్ల ఐస్ కొంటే ప్యాకెట్ ఉన్నదే కొను, గరిటెతో తీసి ఇచ్చేది వద్దు, ఆ గరిటె అన్ని డబ్బాల్లో మునిగి వస్తుంది.

బఫే అయితే తెరిచిన మొదటి పది నిమిషాల్లోనే పొండి. ఒంటి గంటకు పోతే పెరుగన్నం గరిటె పప్పులో ఉంటుంది, పప్పు గరిటె రైతాలో ఉంటుంది, ఎవరినీ తిట్టలేం, ఆకలి మీద ఉన్న జనం. మెస్‌లో నా కళ్ళముందే రోజూ జరిగేది, అప్పుడు నాకు అది లెక్కలోకే రాలేదు. పన్నెండుకు ముందు అయితే వంటవాడికి నీతో మాట్లాడే తీరిక కూడా ఉంటుంది.

ఇట్లాంటి చోట్ల వంటవాళ్ళలో ఒడిశా, బీహార్ పిల్లలు చాలామంది ఉంటారు, నువ్వు తెలుగులో ఎంత వివరంగా చెప్పినా తల ఊపుతారు. అట్ట ముక్క మీద ఒకవైపు తెలుగులో, ఒకవైపు హిందీలో రాసి పెట్టుకో: దూద్, దహీ, ఘీ, మక్ఖన్, పనీర్, మలాయీ, ఖోవా, ఇవి తింటే బాబుకు ఊపిరి ఆడదు అని. "ఎలర్జీ" అన్న మాట చాలామందికి తుమ్ములు, దురద అనిపిస్తుంది, ఊపిరి ఆడదు అంటే ఆగి వింటారు.

ప్యాకెట్లు కొంటే పచ్చ చుక్క చూసి మోసపోకు, అది శాకాహారం అని గుర్తు, పాలు అందులో ఉండొచ్చు. మన దేశంలో 2020 లేబుల్ నిబంధనల ప్రకారం పాలు ఉన్న ప్యాకెట్ మీద ఆ సంగతి విడిగా రాయాలి, పదార్థాల జాబితా దగ్గరే ఉంటుంది. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్, బటర్‌మిల్క్ పౌడర్ ఏది కనిపించినా పక్కన పెట్టు. మసాలా చిప్స్‌లో, బ్రెడ్‌లో, బిస్కెట్లలో ఇవి దూరుతాయి. పది, అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్ళు ఎలర్జీ వివరాలు చూపించాలని కూడా రూలు ఉంది, పెద్ద బ్రాండ్ల కౌంటర్లో సిగ్గుపడకుండా ఆ చార్ట్ అడుగు. ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళది.

చేతులు సబ్బుతో కడిగించు. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ పాల మరకను చర్మం మీదనుంచి తీయదు. బల్లను తడి టిష్యూతో నువ్వే తుడువు, వాళ్ళ గుడ్డతో తుడిపించకు, మజ్జిగ ఒలికిన బల్లలన్నీ తుడిచిన గుడ్డ అది.

మందుల సంగతి. డాక్టర్ మీకు ఎడ్రినలిన్, అదే ఎలర్జీ ముదిరితే పొడిచే ఇంజెక్షన్, రాసిచ్చారు అన్నావు కదా. బయటి దేశాల్లోలా పెన్ను మాదిరి ఇంజెక్షన్ మన దగ్గర అంత సులువుగా దొరకదు, మాకు ఆంప్యూల్ అనే చిన్న గాజు మందు సీసా, సిరంజి ఇచ్చి ఎంత ఎక్కించాలో, తొడ బయటి వైపు ఎక్కడ పొడవాలో నేర్పించారు. నువ్వూ, అల్లుడూ ఇద్దరూ పోయే ముందు ఎట్లా పొడవాలో మళ్ళీ ఒకసారి డాక్టర్ ముందు చేసి చూపించి సరిచూసుకోండి, బరువు పెరిగితే డోసు మారుతుంది. నీళ్ళ రైడ్స్‌కు పోతే సామాను లాకర్లో పెడతారు, మందు సంచి మాత్రం లాకర్లోకి పోకూడదు, కారు డిక్కీలో అస్సలు ఉండకూడదు, ఎండకు పాడవుతుంది. నీళ్ళల్లో దిగని మనిషి ఒకరు ఉండాలి, సంచి వాళ్ళ మెడలో ఉండాలి. మొన్నటిదాకా మా ఇంట్లో ఆ మనిషి నేనే, మీకు మీ అత్తమ్మ ఉన్నారు, ఆమెకు ఎట్లాగూ జారుడు బల్లలు ఇష్టం లేదు.

నోటి చుట్టూ నాలుగు దద్దుర్లే అయితే డాక్టర్ చెప్పిన సిరప్ వేసి కళ్ళు తిప్పకుండా కనిపెట్టుకుని ఉండండి. దగ్గు ఆగకపోయినా, గొంతు మారినా, పిల్లి కూతలు వచ్చినా, ఒళ్ళు వాలిపోతున్నా, దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా ఇంజెక్షనే ముందు, సిరప్ పనిచేస్తుందేమో అని ఆగకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాలి, ఊపిరి కష్టమైతే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. ఒకరు 108కి ఫోన్ చేయండి, ఒకరు ఫస్ట్ ఎయిడ్ గదికి పరుగెత్తండి, అది ఎక్కడుందో లోపలికి పోగానే చూసి పెట్టుకోండి, మేము ఆ రోజు దాని కోసం ఇద్దరిని దారి అడిగాం. తగ్గినా సరే ఆసుపత్రికి పోవాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది ఒక్కోసారి.

అక్కకు ముందే చెప్పి పెట్టు, ఐస్‌క్రీమ్ తింటే మూతి, చేతులు కడుక్కునే తమ్ముడి దగ్గరికి రావాలని. దాన్ని తినొద్దు అనకు, పాపం.

సర్వపిండి శుక్రవారం సాయంత్రం చేస్తా, అల్లుణ్ణి హన్మకొండ వైపు వచ్చినప్పుడు తీసుకుపొమ్మను. పోయినసారి పంపిన స్టీలు డబ్బా మూత ఇంకా మీ దగ్గరే ఉంది, అది పంపితేనే సకినాలు.

మీ పెద్దమ్మ